మట్టికాళ్ళు, ముందు వసారా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కొండ, కొండ మీంచి దూకే ఒక జలపాతం, జలపాతానికి ఎదురుగా ఒక విడిది. ముందే చెబుతున్నాను, ఈ కథలో నవ్వులు తక్కువ. మధ్యలో లేచి మంచినీళ్ళనీ, బెల్లంముక్కనీ అన్నారంటే నేను మళ్ళీ మొదట్నించి చెప్పను. కూర్చున్నారా? సరే, వినండి.

విడిది అంటే ఏమిటంటారా? ఎండాకాలం వస్తే అడవంతా మాడిపోతుంది. ఆకు కదలదు. వాగులు ఎండిపోతాయి. అప్పుడు జంతువులు కూడా మనలాగే, నాలుగు రోజులు ఎక్కడికైనా చల్లగా పోయి ఉందాం అనుకుంటాయి. అలా వచ్చేవాళ్ళకి తిండీ, పడకా చూసే చోటే విడిది. దాన్ని నడిపేది నాంచారమ్మ అనే ముంగిస. మహా పనిమంతురాలు. వెదురుబియ్యం పాయసం ఆవిడ వండినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ వండలేరు. చెడ్డదా అంటే చెడ్డది కాదు. అదే కదా నా బాధ. చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకుందును.

ఆ విడిదిలో ఉండటానికి రెండే చోట్లు. ముందు వైపు ఒక వసారా. అక్కడ కూర్చుంటే ఎదురుగా జలపాతం, మొహం మీద చల్లటి తుంపరలు. పొద్దున్నే ఎండ పడగానే ఆ తుంపరల్లో ఇంద్రధనుస్సు విచ్చుకునేది. వెనక వైపు ఒక గది. అక్కణ్ణించి చూస్తే వంటింటి గోడ. పొయ్యిలో పొగంతా ఆ గదిలోకే కొట్టేది. జలపాతం చూడాలంటే మాత్రం ముందు వసారాలోకి పోవాల్సిందే. మిగతా వైపులన్నీ నిట్టనిలువు రాళ్ళూ, ముళ్ళకంపలూ.

మరి ఎవరికి వసారా, ఎవరికి గది? దానికి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆ విడిది కట్టింది నాంచారమ్మ వాళ్ళ అమ్మమ్మ. ఎవరొచ్చినా ఆ ముసలావిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. వచ్చినవాళ్ళ కాళ్ళు తనే కడిగేది. "ముందు కాళ్ళు చూడు, ఆ తర్వాతే చోటు చూపించు" అని మనవరాలికి చెప్పింది. ఎందుకని మనవరాలు అడగలేదు. చిన్నపిల్ల, ఆటల ధ్యాసలో ఉంది. అడుగుదామనుకునే వయసు వచ్చేసరికి అమ్మమ్మ లేదు.

అందుకని నాంచారమ్మ తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. కాళ్ళు శుభ్రంగా ఉన్నాయా, గొప్పవాళ్ళు, వసారాలోకి దయచేయండి. కాళ్ళు మట్టికొట్టుకుపోయి ఉన్నాయా, లేనివాళ్ళు, వెనక గదికి పదండి. ఏళ్ళ తరబడి అలాగే సాగింది. వెనక గదిలో ఉన్నవాళ్ళకి అడిగే ధైర్యం లేదు. వసారాలో ఉన్నవాళ్ళకి అడిగే అవసరం లేదు.

ఇలా ఉండగా, దూరాన ఇంకో కొండ దగ్గర గవరమ్మ అనే అలుగు ఉండేది. అలుగు అంటే తెలుసా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు ఉంటాయి. చీమల్ని తిని బతుకుతుంది. భయమేస్తే ఉండలా చుట్టుకుపోతుంది. బిడ్డను చంకనెత్తుకోవడం దానికి చేతకాదు. తోక మీద కూర్చోబెట్టుకుని నడుస్తుంది. గవరమ్మకి ఒక్కతే కూతురు, పేరు పైడి.

పైడికి కళ్ళజబ్బు చేసింది. చూపు రోజురోజుకీ మసకబారుతోంది. గుడ్లగూబ వైద్యుడు చూసి, "తల్లీ, నీకు అబద్ధం చెప్పలేను. తొలకరి నాటికి ఈ పిల్ల చూపు పోతుంది. దీనికి మందు లేదు. పొగ మాత్రం తగలనివ్వకు. పొగ తగిలిందా, ఆ ఉన్న చూపు కూడా ముందే పోతుంది" అన్నాడు.

గవరమ్మ ఆ రోజంతా ఏడ్చింది. మర్నాడు కళ్ళు తుడుచుకుని, "పైడీ, నీకేం చూడాలనుందే?" అని అడిగింది.

"ఇంద్రధనుస్సు," అంది పైడి. "వానలప్పుడు నువ్వు నన్ను బొరియలోంచి బయటికి రానివ్వలేదుగా. జలపాతం దగ్గరైతే రోజూ వస్తుందని మైనా చెప్పింది."

గవరమ్మ వెంటనే మైనాతో విడిదికి కబురు పెట్టింది. "మేమిద్దరం వస్తున్నాం. ముందు వసారాలో ఒక మూల ఇస్తే చాలు" అని. "రమ్మను, అలాగే ఇస్తాను" అని నాంచారమ్మ మాటిచ్చింది.

ఇక తల్లీబిడ్డలు బయల్దేరారు. దారంతా ఎర్రమట్టి నేల. ఎండకి కాలిపోతోంది. పైడి తోక మీద కూర్చుంది. గవరమ్మ నడుస్తూనే ఉంది. గోళ్ళు అరిగాయి, మడమలు పగిలాయి. ఒట్టి చేతులతో ఒకరింటికి పోకూడదని ఆకుదొప్పలో కాస్త తేనె కూడా పట్టుకుంది. ఆ తేనె ఒలక్కుండా మోసుకురావడం ఇంకో పని.

"అమ్మా, ఇంకెంత దూరం?" అని పైడి అడిగేది.

"వచ్చేశాం, అదిగో" అనేది గవరమ్మ. మీ అమ్మలు మిమ్మల్ని నడిపించేటప్పుడు చెప్పే అబద్ధం లేదూ, అదే.

చివరికి విడిది వచ్చింది. నాంచారమ్మ చెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ముందు కాళ్ళు చూసింది. గవరమ్మ కాళ్ళకి ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. మట్టి మధ్యలో నెత్తురు చారలున్నాయి. నాంచారమ్మ మొహం చిట్లించింది.

సరిగ్గా అప్పుడే ఆకాశంలోంచి నెమళ్ళ గుంపు ఒకటి దిగింది. చెప్పాపెట్టకుండా వచ్చారు. ఎగిరొచ్చారు కాబట్టి ఎవరి కాళ్ళకీ మట్టి లేదు. నాంచారమ్మ వాళ్ళ కాళ్ళు చూసి నవ్వుమొహం పెట్టి, "రండి రండి, వసారా మీకోసమే ఊడ్చి ఉంచాను" అంది.

గవరమ్మ మెల్లగా, "అమ్మా, మాకు మాటిచ్చారు కదా. మైనాతో కబురు పెట్టాం" అంది.

"ఇచ్చాను, కాదన్నానా? ఇవాళ ఒక్కరోజు సర్దుకోండి. రేపు వసారా మీకే. అప్పటిదాకా వెనక గదిలో ఉండండి."

"వెనక పొగ వస్తుందేమోనమ్మా. బిడ్డ కళ్ళకి పొగ పడదు. వైద్యుడు గట్టిగా చెప్పాడు."

"వంట చేసే ఇంట్లో పొగ రాకుండా ఉంటుందా తల్లీ? కిటికీ వేసుకోండి" అంది నాంచారమ్మ. గవరమ్మ తెచ్చిన తేనె మాత్రం పుచ్చుకుంది. దాన్ని తీసుకెళ్ళి నెమళ్ళకి పాయసంలో వేసి పెట్టింది. తల్లీబిడ్డలకి చల్లారిన గంజి పంపింది.

మర్నాడు నెమళ్ళు వెళ్ళిపోయారు. గవరమ్మ పైడిని తోక మీద ఎక్కించుకుని తయారుగా నిలబడింది. కానీ ఆ పూటే సింహంగారి బావమరిది చిరుతపులి దిగాడు. ముందు రెండు నక్కలు దారి ఊడుస్తుంటే, ఆ ఊడ్చిన దారిలో మెత్తగా అడుగులేసుకుంటూ వచ్చాడు. ఇంక చెప్పాలా? కాళ్ళు అద్దాల్లా ఉన్నాయి. నాంచారమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. వసారాలో మెత్తటి గడ్డి పరిచింది. ఆ విడిదిలో ఎవరూ ఎవర్నీ తినకూడదని కట్టుబాటు ఉంది. అందుకని చిరుతపులి మాంసం అడగలేదు గానీ, దాని బదులు గారెలన్నాడు, పనసకాయ కూరన్నాడు, పాయసమన్నాడు, మళ్ళీ గారెలన్నాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా పొయ్యి ఆరలేదు.

వసారాలోకి ఒక్కొక్క వంటకం వెళ్తుంటే, వెనక గదిలోకి అంతంత పొగ వెళ్ళింది.

గవరమ్మ కిటికీకి తడి ఆకులు కట్టింది. తలుపు సందుల్లో మట్టి మెత్తింది. ఏం చేసినా పొగ దూరుతూనే ఉంది. బయటికి పోదామంటే, ఎవరూ ఎవర్నీ తినకూడదన్న ఆ కట్టుబాటు విడిది గడప దాకే. పైడి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. "అమ్మా, నీకు రెండు మొహాలొచ్చాయి" అని నవ్వింది. గవరమ్మ పరుగున వంటింటికి వెళ్ళింది.

"అమ్మా, ఆయన భోంచేసి పడుకున్నాక ఒక్కసారి మమ్మల్ని వసారా చివర నిలబడనివ్వండి. మాట్లాడం, చప్పుడు చెయ్యం."

"దొరగారు అలికిడి అయితే లేచిపోతారు. లేచారంటే నా పని అయిపోతుంది. రేపు చూద్దాంలే" అని నాంచారమ్మ గారెలు తిరగేసుకుంది. ఆవిడకి జాలి లేకపోలేదు. తీరికే లేదు.

మూడో రోజు పొద్దున్న. అప్పుడే ఎండ పొడుస్తోంది. గవరమ్మ పైడిని తీసుకుని వసారాకి అడ్డంగా ఉన్న తడిక దగ్గరికి వచ్చింది. తడిక అవతల జలపాతం హోరు వినిపిస్తోంది. నాంచారమ్మ పళ్ళెం పట్టుకుని అటే వస్తోంది.

గవరమ్మ ఆవిడకి చేతులు జోడించి, "నేను లోపలికి రానమ్మా. నా కాళ్ళు బాగోలేవని నాకు తెలుసు. బిడ్డ ఒక్కతే తడిక పక్కన నిలబడి, ఒక్కసారి చూసి వచ్చేస్తుంది. దీనికి ఇంకెన్నాళ్ళో చూపు ఉండదు. అందుకే ఇంత దూరం తెచ్చాను. దీని కాళ్ళు చూడండి, కాస్త మట్టి కూడా లేదు. దారంతా నేనే మోశాను" అంది.

నాంచారమ్మ చూసింది. నిజమే, పైడి కాళ్ళు లేతగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ ఎర్రటి కళ్ళూ చూసింది. చెయ్యి తడిక మీదికి వెళ్ళింది. కాస్త తోస్తే చాలు, అంతే.

లోపల్నించి చిరుతపులి ఆవలిస్తూ, "నాంచారమ్మా, ఎవరక్కడ?" అన్నాడు.

నాంచారమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎవరూ లేరండీ" అంది. తాను మాత్రం సందులోంచి లోపలికి దూరి తడిక మూసేసింది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి పిల్లలూ. ఎదురుగా ఇద్దరు నిలబడి ఉండగా ఎవరూ లేరంది. నాకు ఈ కథలో అన్నిటికంటే కోపం వచ్చేది ఇక్కడే.

పైడి, తల్లి మెడ దగ్గర మొహం పెట్టి, "అమ్మా, మనం ఉన్నాంగా, ఎవరూ లేరని చెప్పిందేం?" అని అడిగింది.

గవరమ్మ వెనక గది వైపు తిరిగింది. "పని కంగారులో మనల్ని చూసుకోలేదేమో అమ్మా" అంది. ఆ మాట పైడి నమ్మిందో లేదో తెలీదు. మళ్ళీ అడగలేదు.

ఆ మధ్యాహ్నం చిరుతపులి తన నేస్తాలందరికీ విందు అన్నాడు. ఎండుకట్టెలు అయిపోతే నాంచారమ్మ పచ్చికట్టెలు పొయ్యిలో పెట్టింది. పచ్చికట్టెల పొగ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? గవరమ్మ కూతుర్ని పొట్ట కింద పెట్టుకుని ఉండలా చుట్టుకుపోయింది. పులికైతే ఆ పొలుసులు అడ్డం నిలుస్తాయి గానీ పొగకి ఏం నిలుస్తాయి? సాయంత్రానికి మబ్బులు కమ్మాయి. వాన మొదలైంది. తొలకరి వచ్చేసింది.

చిరుతపులికి కాళ్ళు తడవడం గిట్టదు. "ఛీ, ఈ బురదలో ఎవడుంటాడు" అని నక్కల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. బాగుందని కూడా అనలేదు. వసారా ఖాళీ అయింది.

తెల్లారింది. వాన తెరిపిచ్చింది. అడవికోడి కూసింది. పైడి కదిలి, "అమ్మా, కోడి కూసిందిగా, ఇంకా తెల్లారలేదేం?" అంది.

గవరమ్మ తల ఎత్తింది. గది నిండా వెలుగు ఉంది. పైడి కళ్ళు తెరిచే ఉన్నాయి. గవరమ్మ తన చెయ్యి కూతురి కళ్ళ ముందు ఆడించింది. ఆ కళ్ళు కదల్లేదు. ఆవిడ బిడ్డను దగ్గరికి లాక్కుని, "తెల్లారుతుందిలే అమ్మా" అంది.

సరిగ్గా అదే వేళకి గుమ్మంలోకి ఒక ముసలి కొండముచ్చు వచ్చాడు. పేరు అప్పన్న. నాంచారమ్మ అమ్మమ్మ రోజుల్లో ఆ విడిదికి వస్తుండేవాడు. ఇన్నేళ్ళకి మళ్ళీ వచ్చాడు. వానలో నడిచి వచ్చాడేమో, మోకాళ్ళ దాకా బురద. నాంచారమ్మ అలవాటుగా కాళ్ళు చూసి, "వెనక గదిలో ఇప్పటికే ఇద్దరున్నారు తాతా, మీరూ అందులోనే సర్దుకోండి" అంది.

అప్పన్న తాత ఆశ్చర్యపోయి, "ఇంత బురద చూసి కూడా వెనక్కి పొమ్మంటున్నావేమిటే? మీ అమ్మమ్మ అయితే ఈపాటికి నన్ను వసారాలో కూర్చోబెట్టేది" అన్నాడు.

"కాళ్ళు చూసి చోటు చూపించమని చెప్పింది మా అమ్మమ్మే కదా తాతా."

"అవునే, చెప్పింది. ఎందుకు చెప్పిందనుకున్నావ్? నేను తొలిసారి వచ్చినప్పుడు కుంటుకుంటూ వచ్చాను. నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని కడిగింది. కడుగుతూ ఏమందో తెలుసా? ఎవరి కాళ్ళకి ఎక్కువ మట్టి ఉంటే వాళ్ళు అంత దూరం నుంచి వచ్చినట్టు, వాళ్ళకే ముందు వసారా ఇవ్వాలి అంది. ఎగిరొచ్చేవాళ్ళు మళ్ళీ ఎప్పుడైనా రాగలరు అప్పన్నా, కాళ్ళు పగిలేలా నడిచొచ్చినవాళ్ళు మళ్ళీ రాలేరు అంది."

నాంచారమ్మ చెంబు అక్కడే పడేసింది. వెనక గదికి పరిగెత్తింది.

"గవరమ్మా, లేవండి, వసారా ఖాళీగా ఉంది. రండి, వెలుగు వచ్చింది, ఇప్పుడు బాగా కనబడుతుంది" అంది ఆయాసపడుతూ.

గవరమ్మ ఆవిడ వైపు చూసింది. పైడి కళ్ళ వైపు చూపించింది. నాంచారమ్మకి అర్థమైంది.

పైడే, "అమ్మా, వెళ్దామే. కనబడకపోయినా అక్కడ కూర్చుందాం. ఇంత దూరం వచ్చాంగా" అంది. వెలుతురు ఎందుకు రాలేదో ఆ పిల్లకి అప్పటికే తెలిసిపోయింది. తల్లి ఏడుస్తుందని తెలియనట్టు ఊరుకుంది.

ముగ్గురూ వసారాలోకి వచ్చారు. తుంపరలు మొహం మీద పడగానే పైడి నవ్వింది. మబ్బు తొలగి ఎండ వచ్చింది. వానకి జలపాతం నిండుగా దూకుతోందేమో, ఏనాడూ లేనంత పెద్ద ఇంద్రధనుస్సు ఈ కొండ నుంచి ఆ కొండ దాకా విచ్చుకుంది. గవరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. కూతురికి లేనిది తను చూడలేకపోయింది.

"వచ్చిందా?" అని పైడి అడిగింది. తల్లి వెక్కిళ్ళు వినిపించాయి. పైడి మొహం నాంచారమ్మ ఉన్న వైపు తిప్పి, "మా అమ్మ ఏడుస్తోంది. మీరు చెప్పండి అత్తా. మీరు రోజూ చూస్తారుగా. నిన్నటి దానికంటే బాగుందా?" అంది.

"నిన్నటిది నేను చూడలేదమ్మా" అంది నాంచారమ్మ.

"మొన్నటిది?"

"అదీ చూడలేదు."

"ఇక్కడే ఉంటారుగా, ఎందుకు చూడలేదు?"

"గుమ్మంలో కూర్చుని వచ్చేవాళ్ళ కాళ్ళు చూస్తున్నానమ్మా. ఇన్నేళ్ళూ అదే చూశాను."

పైడి, "అయితే ఇవాళ్టిది చూడండి అత్తా. చూసి నాకు చెప్పండి" అంది.

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుని చూసింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. "పైన ఎరుపు ఉందమ్మా. మీ అమ్మ కాళ్ళకి అంటిన మట్టి లేదూ, అలాంటి ఎరుపు" అంది.

"అది నాకు తెలుసు. దారంతా అదే చూస్తూ వచ్చాను" అంది పైడి సంతోషంగా. "తర్వాత?"

"తర్వాత నారింజ పసుపు. మీరు తెచ్చారే, ఆ తేనె రంగు."

"ఊఁ. తర్వాత?"

నాంచారమ్మ చెప్పబోయింది. ఇంతలో మబ్బు మళ్ళీ కమ్మేసింది. ఇంద్రధనుస్సు చెరిగిపోయింది. తర్వాత ఏ రంగు ఉందో ఆవిడ చూసుకోలేదు. "వెళ్ళిపోయిందమ్మా" అంది.

"పోనీలెండి. రెండు రంగులు తెలిశాయిగా" అంది పైడి.

ఆ పూటే తల్లీబిడ్డలు బయల్దేరారు. నాంచారమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, గవరమ్మ కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని కడిగింది. వెళ్ళిపోయేవాళ్ళ కాళ్ళు కడగడం ఎక్కడా లేదు. వచ్చినప్పుడు కడగాల్సింది. కడుగుతూ, "నన్ను నోరారా తిట్టి వెళ్ళమ్మా" అని ఏడ్చింది.

"తిడితే నా బిడ్డకి చూపొస్తుందా?" అంది గవరమ్మ. "ఆ పొయ్యి అక్కణ్ణించి తీయించెయ్యి. మా తర్వాత కూడా పిల్లల్తో ఎవరో ఒకరు వస్తారు."

పైడి తోక మీద ఎక్కింది. గవరమ్మ కడిగిన కాళ్ళతో మళ్ళీ బురదలోకి దిగింది. మలుపు తిరిగేదాకా నాంచారమ్మ చూస్తూనే ఉంది.

ఆ రోజే పొయ్యి తీయించింది. తడిక పీకి అవతల పారేసింది. అప్పట్నించీ మట్టికాళ్ళతో వచ్చినవాళ్ళకే ముందు వసారా. నెమళ్ళు అలిగి వెళ్ళిపోయారు, చిరుతపులి కోప్పడ్డాడు. ఆవిడ పట్టించుకోలేదు. రోజూ పొద్దున్నే పని అంతా ఆపి జలపాతం ముందు కూర్చునేది. ఒక రంగు తర్వాత ఇంకో రంగు, అది ఏ పువ్వులా ఉందో, ఏ ఆకులా ఉందో, కళ్ళు లేనివాళ్ళకి ఎలా చెప్పాలో నేర్చుకునేది. పైడి వస్తే అన్నీ చెప్పాలని.

మరుసటి ఎండాకాలం వచ్చింది. దూరం నుంచి వచ్చిన ప్రతివాళ్ళ కాళ్ళూ కడుగుతూ, "దారిలో తోక మీద బిడ్డను మోసుకొస్తున్న అలుగు కనిపించిందా?" అని అడిగింది. ఎవరికీ కనిపించలేదు. ఆ పై ఎండాకాలం కూడా అడిగింది. అమ్మమ్మ చెప్పింది నిజమే. కాళ్ళు పగిలేలా నడిచొచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు.

నీతి: గుమ్మంలోకి వచ్చినవాళ్ళ గొప్ప చూసి కాదు, వాళ్ళు పడి వచ్చిన కష్టం చూసి చోటివ్వాలి. ఇవాళ చెయ్యాల్సిన మర్యాద రేపటికి వాయిదా వేస్తే, అది అందుకోవడానికి వాళ్ళకి రేపు ఉండకపోవచ్చు.